వందకు వంద వచ్చిందని అక్కకు చెప్పే ముందు

ప్రశ్న: నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మా అక్క కొడుక్కి ఆరేళ్ళు. ఈ ఏడాది మొదట్లో వాడి పొట్టలో గడ్డ ఉందని తెలిసింది. బయాప్సీ రిపోర్టులో ముందు ‘స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్’ అని మాత్రమే వచ్చింది. అది ఏ క్యాన్సరో తేలడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. చివరికి న్యూరోబ్లాస్టోమా అన్నారు. ఇప్పుడు కీమో ఇస్తున్నారు. ఆ పద్దెనిమిది రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అందుకే ప్రాజెక్టుకి ఈ విషయమే తీసుకున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే ఎస్‌ఆర్‌బీసీటీ (స్మాల్ రౌండ్ బ్లూ సెల్ ట్యూమర్) డేటాసెట్‌లో ఇలాంటి నాలుగు క్యాన్సర్ల 83 శాంపిల్స్, 2308 జన్యువులు ఉన్నాయి. నాలుగు క్యాన్సర్లనీ బాగా వేరుచేసే 50 జన్యువుల్ని ఎంచుకుని, తర్వాత శాంపిల్స్‌ని 80:20గా (నేర్పడానికి 80 శాతం, టెస్ట్‌కి 20) విడదీసి ఎస్‌వీఎం అనే వర్గీకరణ ప్రోగ్రాం నడిపితే, టెస్ట్‌లో నూటికి నూరు శాతం వచ్చింది. మా గైడ్ సార్ పేపర్ వేద్దామంటున్నారు. అక్కేమో ‘మనవాడి రిపోర్టు కరెక్టో కాదో నీ ప్రోగ్రాంలో పెట్టి చూడవే’ అంటోంది. ఇంత సులువుగా వచ్చేదైతే ఆస్పత్రుల్లో ఎందుకు వాడటం లేదన్న అనుమానం నాకుంది. ఏం చెయ్యమంటారు?
— ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: ముందు మీ అక్క సంగతి చూద్దాం. ప్రాజెక్టు వారం ఆగినా ఫరవాలేదు.

ఆమె అడిగిన పని మీరు చెయ్యలేరు. చెయ్యకూడదు కూడా. ఆ మాట ఈ రోజే చెప్పండి. ‘చూస్తానులే అక్కా’ అని వాయిదా వేస్తే ఆమె ఆ ఆశ పట్టుకుని కూర్చుంటుంది. ఎందుకు కుదరదో కూడా ఆమెకి అర్థమయ్యేలా చెప్పవచ్చు. మీ దగ్గరున్న అంకెలు 2001 నాటి మైక్రోఅర్రేలవి. గాజు పలక మీద వేల జన్యువుల ముక్కలు చుక్కలుగా అంటించి, కణితి నుంచి తీసిన ఆర్ఎన్ఏకి ఒక రంగు, పోలిక కోసం వాడే ఆర్ఎన్ఏకి ఇంకో రంగు వేసి, ఏ చుక్క దగ్గర ఏ రంగు ఎంత వెలుగుతోందో కొలిచారు. అంటే మీ డేటాలో ప్రతి అంకె ఒక సాపేక్ష కొలత, అది కూడా ఆ ల్యాబ్ స్లైడుల మీది వెలుగుని బట్టి కట్టినది. మీ బాబు బయాప్సీ ముక్క చాలా మటుకు ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోత పోసిన బ్లాకుగా ఉంటుంది. ఫార్మలిన్‌లో ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది. దాన్నుంచి మీ 2308 గడులు నింపే దారి లేదు. ఎవరైనా ఖర్చు పెట్టి కొత్త పద్ధతిలో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చేయించినా ఆ అంకెల కొలబద్ద వేరు. మీ ఎస్‌వీఎం వాటిని తీసుకుని ఏదో ఒక క్యాన్సర్ పేరు చెబుతుంది. చెప్పకుండా ఉండటం దానికి రాదు. అదే అసలు ప్రమాదం, దాని గురించి కింద రాస్తాను.

ఆ పద్దెనిమిది రోజుల్లో ఏం జరిగి ఉంటుందో మీ అక్కకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరని నా అనుమానం. ఈ జాతి కణుతులన్నీ మైక్రోస్కోప్ కింద ఒకేలా కనబడతాయి. చిన్నగా, గుండ్రంగా ఉంటాయి. కణం నిండా కేంద్రకమే ఉండటం వల్ల రంగు వేశాక అంతా నీలంగా కనిపిస్తుంది. న్యూరోబ్లాస్టోమా, రాబ్డోమయోసార్కోమా, ఈవింగ్ సార్కోమా, లింఫోమా అన్నీ ఇక్కడే గజిబిజి అవుతాయి. అనుభవమున్న పాథాలజిస్టు కూడా ఆ ఒక్క స్లైడు చూసి తేల్చరు. ఆ ముక్క మీద ఒక్కో ప్రోటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీలు ఒక్కొక్కటే వేసి చూస్తారు. కండరం వైపు వెళ్ళే కణమైతే డెస్మిన్, మయోజెనిన్ పట్టుకుంటాయి. లింఫోమా అయితే సీడీ45 చాలాసార్లు పట్టిస్తుంది. ఈవింగ్‌కి సీడీ99 గట్టిగా వస్తుంది, కానీ అది వేరే కణుతుల్లో కూడా రావచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మరు. న్యూరోబ్లాస్టోమాకి సినాప్టోఫైసిన్, ఫాక్స్2బీ చూస్తారు. మూత్రంలో వీఎంఏ, హెచ్‌వీఏ అనే పదార్థాలు పెరిగాయా అని పరీక్షిస్తారు. అవసరమైతే ఫిష్ పరీక్షతో క్రోమోజోములు విరిగి అతుక్కున్న చోట్లు వెతుకుతారు. ఇన్ని వైపుల నుంచి వచ్చిన సాక్ష్యం ఒకే పేరు చెబితే అప్పుడు రిపోర్టు మీద సంతకం పెడతారు. మీ బాబు రిపోర్టు వెనక ఇలాంటి పని ఉంది. అది మీ ప్రోగ్రాం కన్నా ఎంతో గట్టి ఆధారం.

అయినా మీ అక్కకి అనుమానం తీరకపోతే అది తప్పేమీ కాదు. ఆస్పత్రిని అడిగి స్లైడులు, బ్లాకులు తీసుకుని, పిల్లల క్యాన్సర్లు ఎక్కువగా చూసే ఇంకో సెంటర్‌లో పాథాలజిస్టుకి చూపించవచ్చు. అడిగితే డాక్టర్లకి కోపం వస్తుందేమోనని మనవాళ్ళు చాలామంది జంకుతారు. జంకక్కర్లేదు, ఇది రోజూ జరిగేదే. కీమో మాత్రం ఆపకండి. ఈలోగా డాక్టర్‌ని ఒక ప్రశ్న అడగండి: ‘ఎంవైసీఎన్ పరీక్ష చేశారా? వాడు ఏ రిస్క్ గ్రూపులో ఉన్నాడు?’ న్యూరోబ్లాస్టోమా అని పేరు తెలిసినంత మాత్రాన సరిపోదు. ఎంవైసీఎన్ జన్యువు కాపీలు బాగా పెరిగి ఉంటే జబ్బు తీరు వేరు, మందు వేరు. పిల్లవాడి వయసు, జబ్బు ఎంత దూరం పాకిందన్నది కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఈ ప్రశ్నకి వచ్చే జవాబు మీ అక్కకి నిజంగా ఉపయోగపడుతుంది.

ఇక మీ నూటికి నూరు.

మీరు అనుమానపడటం నాకు చాలా నచ్చింది. ఈ రంగంలో పనికొచ్చే గుణం అదే. మీరు ముందు 50 జన్యువుల్ని ఎంచుకుని తర్వాత విడదీశానని రాశారు. పొరపాటు అక్కడుంది. ఆ 50ని ఎంచేటప్పుడు మీరు మొత్తం 83 శాంపిల్స్ పేర్లూ చూశారు. తర్వాత టెస్ట్‌కి పక్కన పెట్టిన 17 శాంపిల్స్ కూడా ఆ ఎంపికలో ఓటు వేశాయి. పరీక్ష పేపర్ చూసి, ఆ ప్రశ్నలకి సరిపోయే పాఠాలే చదువుకుని, అదే పరీక్ష రాసినట్టయింది. మీరు కావాలని చేశారని అనడం లేదు. నేను చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఇదే వరసలో చేసిన పని నెలల పాటు ఎవరికీ తప్పుగా తోచలేదు. ప్రోగ్రాం ఎర్రర్ చూపించదు కదా.

జన్యు డేటాలో ఇది ఎందుకింత ప్రమాదమంటే, పిల్లలు పదుల్లో, జన్యువులు వేలల్లో ఉంటాయి. 2308 జన్యువుల్లో ఏ ఒక్కదానికీ క్యాన్సర్‌తో సంబంధం లేదనుకుందాం. అయినా మామూలుగా వాడే 0.05 హద్దు (అంటే అదృష్టం మీద నూటికి అయిదుసార్లు తప్పు పట్టే హద్దు) పెట్టుకుంటే దాదాపు 115 జన్యువులు కేవలం అదృష్టం మీద ‘సంబంధం ఉన్నట్టు’ బయటపడతాయి. వాటిలోంచి మంచి 50 ఏరుకుంటే, ఆ 83 మందికి మాత్రం అవి అద్భుతంగా పనిచేస్తాయి. 84వ పిల్లవాడు వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆంబ్రోయిజ్, మెక్‌లాక్లన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 2002లోనే అప్పట్లో పేరుపొందిన జన్యు డేటాలు తీసుకుని, ఎంపికని పరీక్షకి బయట పెడితే తప్పులు సున్నాకి పడిపోయినట్టు కనిపించడం, లోపలికి తెస్తే మళ్ళీ బయటపడటం చూపించారు. ఇన్నేళ్ళయినా ఈ తప్పు విద్యార్థుల ప్రాజెక్టుల్లోనే కాదు, అచ్చయిన పేపర్లలో కూడా కనిపిస్తూనే ఉంది.

నా మాట మీద నమ్మకండి, మీ ల్యాప్‌టాప్‌లో మీరే చూసుకోండి. 83 శాంపిల్స్‌కి ఉన్న క్యాన్సర్ పేర్లని పేకముక్కల్లా కలిపేసి ఎవరిది ఎవరికో అంటించండి. ఇప్పుడు ఆ డేటాలో నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఎక్కువమంది ఉన్న ఈవింగ్ పేరే కళ్ళు మూసుకుని అందరికీ చెప్పినా 83లో 29 ఒప్పవుతాయి, అంటే 35 శాతం. మీ పాత ప్రోగ్రాంని అదే వరసలో నడపండి, ముందు 50 జన్యువులు, తర్వాత విడదీయడం. ఒక్కసారి కాదు, వంద సార్లు కలిపి వంద సార్లు నడపండి. సగటు 35 దాటి చాలా పైకి పోతే, ఆ అదనమంతా లీకేజీ, అంటే టెస్ట్ సమాచారం ముందే లోపలికి కారడం. ఇక వరస మార్చండి. ప్రతి విడతలో ముందు విడదీసి, స్కేలింగ్, జన్యువుల ఎంపిక, మోడల్ అన్నీ ట్రైనింగ్ వైపే చేసి, టెస్ట్ వైపు చివర్లో ఒక్కసారే ముట్టుకోండి. పైప్‌లైన్‌గా రాసుకుంటే ఇది దానంతట అదే జరుగుతుంది. ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టిన ఒక్క పటం మీ రిపోర్టులో ఉంటే, వైవాలో ఎవరేమడిగినా మీరు తడుముకోరు.

ఒక విషయం ముందే చెబుతాను, లేకపోతే నిరాశపడతారు. వరస సరిచేశాక కూడా ఈ డేటాలో మీ అంకె పెద్దగా పడకపోవచ్చు. ఈ నాలుగు క్యాన్సర్లూ కంటికి ఒకేలా ఉన్నా పుట్టుక వేరు. ఒకటి కండరం వైపు వెళ్ళాల్సిన కణం, ఒకటి నరాల వైపు వెళ్ళాల్సింది, ఒకటి రక్తానికి సంబంధించింది. వాటిలో పనిచేసే జన్యువులు అంత తేడాగా ఉంటాయి కాబట్టి దాదాపు ఏ పద్ధతైనా వేరుచేస్తుంది. 2002లో స్టాన్‌ఫర్డ్‌లో టిబ్షిరాని బృందం ఇదే డేటాని 43 జన్యువులతో ఒక్క తప్పు లేకుండా విడదీసింది. అప్పటికే అంతటి ఫలితం వచ్చిన చోట ఇప్పుడు ఇంకో వంద శాతం తెచ్చామంటే పేపర్‌లో చెప్పడానికి కొత్తేముంటుంది? మరి వరస ఎందుకు మార్చమంటున్నానంటే, ఈ జబ్బు తిరగబెడుతుందా, ఈ మందు పనిచేస్తుందా లాంటి కష్టమైన ప్రశ్నలకి వెళ్ళినప్పుడు ఈ అలవాటే మిమ్మల్ని ముంచుతుంది. పైగా 17 మంది మీద వచ్చిన వంద అంత గట్టిది కాదు. పదింటిలో ఒకటి తప్పే మోడల్ కూడా దాదాపు ఆరుసార్లలో ఒకసారి 17కి 17 తెచ్చుకుంటుంది.

ఇప్పుడు మీరు దింపుకున్న డేటాలో ఏం లేదో చూద్దాం. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

ఆ పని చేసింది అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో జావేద్ ఖాన్ తదితరులు, స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి. 2001లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్ళు 6567 జన్యువులు కొలిచి, సిగ్నల్ మరీ బలహీనంగా ఉన్నవి తీసేస్తే 2308 మిగిలాయి. 63 శాంపిల్స్‌తో న్యూరల్ నెట్‌వర్కులకి నేర్పారు. ఒకటి కాదు, 3750 మోడళ్ళు తయారుచేసి అన్నిటి ఓటూ తీసుకున్నారు. టెస్ట్‌కి పెట్టినవి 25. మీ దగ్గరున్నవి 83. అరవై మూడూ ఇరవై అయిదూ కూడి చూడండి, 88 రావాలి. ఆ అయిదు ఏమయ్యాయి?

అవి ఈ నాలుగు క్యాన్సర్లలో ఏదీ కానివి. మామూలు కండరం రెండు, వేరే క్యాన్సర్ల కణాలు మూడు. వాళ్ళు వాటిని కావాలనే టెస్ట్‌లో కలిపారు, మోడల్ వాటిని చూసి ఏమంటుందో తెలుసుకోవడానికి. ఓటు స్పష్టంగా ఒక వైపు రాకపోతే ‘ఇది నేను చెప్పలేను’ అనేలా ఒక హద్దు పెట్టారు. ఆ అయిదింటినీ మోడల్ పక్కన పెట్టేసింది. ఆ హద్దుకి వాళ్ళు ధర కూడా కట్టారు. నిజంగా ఈవింగ్ అయిన వాటిలో 93 శాతం, రాబ్డోమయోసార్కోమాలో 96 శాతమే నమ్మకంగా చెప్పగలిగింది. మిగతావి సరైన వైపే మొగ్గినా నమ్మకం చాలక వదిలేసింది. పాఠాలు చెప్పుకోవడానికి, ప్యాకేజీల్లో పెట్టుకోవడానికి డేటాని సర్దినప్పుడు ఆ అయిదూ నాలుగు గడుల్లో ఎక్కడా ఇమడవు కాబట్టి తీసేశారు. దాంతో వేల మంది విద్యార్థులు, ఆస్పత్రికి అన్నిటికన్నా ముఖ్యమైన ఆ భాగాన్ని చూడకుండానే వందకు వంద తెచ్చుకుంటున్నారు.

ఆస్పత్రికి వచ్చే పిల్లవాడు ‘నేను ఈ నాలుగింటిలో ఒకటి’ అని రాసిపెట్టుకుని రాడు. అతనిది డెస్మోప్లాస్టిక్ ట్యూమర్ అనే ఇంకో రకం కావచ్చు, విల్మ్స్ అనే కిడ్నీ కణితి కావచ్చు, ముక్కలో సగం మామూలు కండరమే పడి ఉండవచ్చు. మీ ఎస్‌వీఎం అప్పుడు కూడా నాలుగింటిలో ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ పేరుని బట్టి మందు మొదలుపెడితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఇంకో సంగతి మీ బాబుకి దగ్గరది. వాళ్ళ ట్రైనింగ్‌లో ఉన్న 12 న్యూరోబ్లాస్టోమాలూ పిల్లల నుంచి నేరుగా తీసిన ముక్కలు కావు. అన్నీ ల్యాబ్‌లో గిన్నెల్లో పెంచిన కణాలే. ఎనిమిది బర్కిట్ లింఫోమాలూ అంతే. గిన్నెలో పెరిగే కణానికి పక్కన రక్తనాళం ఉండదు, రోగనిరోధక కణాలు ఉండవు. అది చకచకా విభజన చెందడానికి అలవాటుపడి ఉంటుంది. కాబట్టి మీ మోడల్ ఎంచిన 50 జన్యువుల్లో కొన్ని న్యూరోబ్లాస్టోమాని కాక ‘గిన్నెలో పెరగడాన్ని’ గుర్తుపడుతూ ఉండవచ్చు. వాళ్ళ టెస్ట్‌లో నిజం కణితి ముక్కలుగా వచ్చిన న్యూరోబ్లాస్టోమాలు నాలుగే. వాటి ఫలితాన్ని విడిగా రాయండి. మీ అక్క కొడుకు లాంటి పిల్లల గురించి ఈ డేటా చెప్పగలిగింది ఆ నాలుగింటితోనే మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది.

ఆస్పత్రుల్లో ఎందుకు వాడటం లేదని అడిగారు. కొన్ని చోట్ల వాడుతున్నారు, కానీ దారి కాస్త మారింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం 2018లో మెదడు కణుతులకి ఒక పద్ధతి తెచ్చింది. అది జన్యువులు ఎంత పనిచేస్తున్నాయని చూడదు, డీఎన్ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తుంది. ఆ గుర్తులు ఫార్మలిన్‌లో నానినా, మైనంలో ఏళ్ళు ఉన్నా చాలా మటుకు నిలుస్తాయి. మామూలు ఆస్పత్రి బ్లాకుతోనే పని జరగడానికి అదొక పెద్ద కారణం. దాదాపు 2800 శాంపిల్స్‌తో 82 రకాల కణుతులు నేర్పారు. తర్వాత వచ్చిన 1104 కేసుల మీద పెట్టి చూస్తే, సుమారు 12 శాతం మందిలో మొదటి డయాగ్నసిస్ మారింది. ఇంకో 12 శాతంలో ‘ఏ రకంతోనూ సరిపోలడం లేదు’ అంది. చూశారా, మళ్ళీ ఆ మాటే. అదొక ఓటమిగా వాళ్ళు దాచుకోలేదు, ఫలితంలో భాగంగా చెప్పారు.

జన్యు వ్యక్తీకరణ, అంటే జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో చూడటం, కూడా వృథా పోలేదు. 2009లో నెదర్లాండ్స్, అమెరికా బృందాలు విడివిడిగా, పిల్లల లుకేమియాలో ఒక కొత్త గుంపుని పట్టుకున్నాయి. ఆ పిల్లల్లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (కొన్ని లుకేమియాల్లో కనిపించే, రెండు క్రోమోజోములు విరిగి అతుక్కున్న మార్పు) లేదు, కానీ జన్యువులు పనిచేసే తీరు అది ఉన్నవాళ్ళలాగే ఉంది, జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువే. మైక్రోస్కోప్ చెప్పలేనిది, మామూలు క్రోమోజోమ్ పరీక్ష చెప్పలేనిది అంకెలు చెప్పాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దానికి తాత్కాలికంగానైనా ఒక పేరు దక్కింది. ఇలాంటివి చదివినప్పుడు నాకు ఈ రంగం మీద ప్రేమ రెట్టింపవుతుంది. మీరు దీన్ని వదలకూడదనే ఇంత రాస్తున్నాను.

గైడ్ సార్‌తో ఎలా మాట్లాడాలా అని టెన్షన్ పడుతుంటారు. ‘తప్పు చేశాం సార్’ అని మొదలుపెట్టకండి. పేర్లు కలిపేసి నడిపిన ఫలితం చేతిలో పట్టుకుని వెళ్ళి, ‘సార్, ఇలా వచ్చింది, మీరొకసారి చూడండి’ అనండి. తర్వాత ప్రాజెక్టుకి కొత్త ప్రశ్న ఇవ్వండి: మోడల్ ‘నాకు తెలియదు’ అనడం నేర్చుకోగలదా? దీనికి కొత్త డేటా కూడా అక్కర్లేదు. ఒక్కో క్యాన్సర్‌ని ట్రైనింగ్ నుంచి పూర్తిగా దాచి, మిగతా మూడింటితో నేర్పి, దాచినదాన్ని టెస్ట్‌లో పెట్టండి. ఎన్నిసార్లు నమ్మకంగా తప్పు పేరు చెప్పింది, ఎన్నిసార్లు వెనక్కి తగ్గింది? హద్దు బిగిస్తే ఎంతమంది నిజమైన రోగులని కూడా వదిలేస్తోంది? ఈ లెక్కలు ఒక చిన్న పట్టికలో పెడితే, మీ కాలేజీలో ఇంకో పది వంద శాతాలకన్నా అది ఎక్కువ పనికొస్తుంది. పేపర్ వెయ్యాలనుకుంటే అప్పుడు వెయ్యండి.

చివరగా ఒక పని. ఆ పద్దెనిమిది రోజులు ఎక్కడ పోయాయో కనుక్కోండి. బాబు ఫైలులో శాంపిల్ తీసిన తేదీ, ల్యాబ్‌కి చేరిన తేదీ, ఒక్కో యాంటీబాడీ రిపోర్టు వచ్చిన తేదీ ఉంటాయి. వరసగా రాసుకోండి. స్లైడు చూసి తేల్చలేకపోవడం వల్ల పోయినవెన్ని, యాంటీబాడీ లేక బయటికి పంపడం వల్ల పోయినవెన్ని, మధ్యలో సెలవులొచ్చి, బ్లాకు కొరియర్‌లో ఉండి పోయినవెన్ని? మీరు తగ్గించాలనుకున్నది ఆ రోజులనే కదా. వచ్చేసారి కీమోకి వెళ్ళినప్పుడు అక్కతో మీరూ వెళ్ళండి, ఫైలు మీరు పట్టుకోండి. ఆ తేదీలు నాకు రాసి పంపితే, ఎక్కడ మోడల్ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కలిసి చూద్దాం.